స్కేట్లకి పెట్టిన బొట్టు

మొన్న ఆఫీస్‌లో లంచ్ దగ్గర ఐస్ హాకీ మాట వచ్చింది. ఇంకేవో ఎండ ఊళ్ళకి చలి ఊళ్ళ ప్రొఫెషనల్ టీముల్ని తరలిస్తారని పుకారు తిరుగుతోంది. మా ప్రాజెక్ట్‌లో ఒక కుర్రాడు, ఇక్కడ టెక్సాస్‌లో, ఈ ఫ్రిస్కోలోనే పుట్టి పెరిగినవాడు, "మంచిదేగా, ఆట పెరుగుతుంది" అన్నాడు. నేను పెరుగన్నం డబ్బా పక్కన పెట్టి, ఆట పెరగడం వేరు, ఒకరింట్లోంచి ఎత్తుకొచ్చి ఇంకొకరింట్లో పెట్టడం వేరు అని అందుకున్నాను. టీమ్ పోయిన చలి ఊళ్ళలో శనివారాలు ఎలా గడుస్తాయో నీకేం తెలుసని గట్టిగానే అడిగాను. వాడు బిత్తరపోయాడు. నిజం చెప్పాలంటే నేనూ బిత్తరపోయాను.

ఎందుకంటే అవి నా మాటలు కావు. ఆ మాటలకి ఎదురు నిలబడి ఏళ్ళ తరబడి వాదించింది నేనే. అవి మా పక్కింటి డాక్టర్‌గారివి. ఆయన పోయాక ఇది రెండో చలికాలం. వాదించడానికి ఎదుటి మనిషి లేకపోతే ఆయన వాటా కూడా మనమే వాదించాలి కాబోలు.

హాకీతో నా సంబంధం కరీంనగర్‌లో మా స్కూల్ గ్రౌండ్‌లో మొదలై అక్కడే ముగిసింది. ఎర్రమట్టి, కంకర, పెచ్చులు లేస్తున్న స్టిక్కులు, ఎప్పుడూ కోపంగా ఉండే డ్రిల్ టీచర్. నా మోకాలి మీద ఇప్పటికీ ఒక మచ్చ ఉంది. అమెరికా వచ్చాక ఇక్కడ హాకీ అంటే మంచు మీద ఆట అనీ, నేనాడినదానికి 'ఫీల్డ్' అని ముందొక తోక తగిలిస్తారనీ తెలిసి ఒళ్ళు మండింది. మండినా చేసేదేముంది, అప్పటికి నాకు వీసా గొడవలే తలకు మించి ఉన్నాయి.

ఆ ఆట మళ్ళీ మా ఇంట్లోకి మా అమ్మాయి పట్టుకొచ్చింది. మూడో తరగతిలో ఎవరి బర్త్‌డే పార్టీకో ఐస్ రింక్‌కి వెళ్ళి, తిరిగొచ్చేసరికి అది వేరే పిల్ల. ఫ్రిస్కోలో మనవాళ్ళ పిల్లలు స్పెల్లింగ్, మ్యాథ్, కూచిపూడి అంటూ తిరుగుతుంటే, ఊరందరిదీ ఒక దారి ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు ఇది హాకీ అంది. నేను కాదనలేకపోయాను. నా మోకాలి మచ్చ ఒప్పుకోలేదు.

టెక్సాస్‌లో ఆ రింక్ ఒక వింత. బయట కార్ స్టీరింగ్ ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. లోపలికి వెళ్తే ముక్కు కొస గడ్డకడుతుంది. నేను చీర మీద స్వెట్టర్, స్వెట్టర్ మీద శాలువా, తలకి మా ఆయన మంకీ క్యాప్ పెట్టుకుని ఫ్లాస్క్‌లో టీతో కూర్చునేదాన్ని. ఇక్కడ అలాంటి రింకులు ఉండటానికి కారణం ఉంది. ఎప్పుడో ఈ దేశంలోనే ఉత్తరాన ఒక చలి ఊరి నుంచి ఒక ప్రొఫెషనల్ టీమ్ ఇటు తరలివచ్చింది. దాని వెనకాలే రింకులు, కోచ్‌లు, పిల్లల టీములు వచ్చాయి. అది రాకపోతే మా అమ్మాయికి స్కేట్ అంటే ఏమిటో తెలిసేది కాదు. నాకు ఆ లెక్క చాలా తేలికగా ఉండేది. వచ్చింది, మంచి జరిగింది, అయిపోయింది.

డాక్టర్‌గారు, ఆంటీ మా పక్కింట్లో దిగింది అప్పుడే. గుడివాడ వైపు వాళ్ళు. డెబ్బైల్లో ఈ దేశం వచ్చి, ఉత్తరాన ఒక చలి ఊళ్ళో ఉద్యోగమంతా చేసి, రిటైరయ్యాక కొడుకుకి దగ్గరగా ఉండాలని ఇక్కడికి వచ్చారు. ఆయనకి టెక్సాస్ ఎండ బాగా నచ్చింది. పెరట్లో దొండ పందిరి, గోంగూర మడి, ఎప్పుడూ చేతిలో నీళ్ళ పైపు. మనిషి తక్కువ మాటలవాడు. ఎదురుపడితే "ఏవమ్మా, బాగున్నారా" అని నడిచి వెళ్ళిపోయేవారు.

ఒక సాయంత్రం మా అమ్మాయి డ్రైవ్‌వేలో స్టిక్‌తో టెన్నిస్ బంతిని కొడుతోంది. నేను గ్యారేజ్‌లో సరుకులు దించుకుంటున్నాను. డాక్టర్‌గారు కంచె అవతల నిలబడి చాలాసేపు చూశారు. చివరికి పైపు కింద పడేసి, నీళ్ళు పారుతుండగానే ఇటొచ్చి, "కాదే పిచ్చిదానా, గరిటె పట్టుకున్నట్టు పట్టుకుంటే ఎలా" అని స్టిక్ లాక్కున్నారు. ఆ పెద్దాయన మోకాళ్ళు వంగిన తీరు, మణికట్టు తిరిగిన తీరు చూసి నా చేతిలో పాల క్యాన్ అలాగే ఉండిపోయింది. బంతి స్టిక్‌కి అతుక్కున్నట్టే కదిలింది.

"మీరు ఆడేటోళ్ళా అంకుల్?" అన్నాను.

"ఆడేవాణ్ణి," అని స్టిక్ పిల్ల చేతికిచ్చి, పైపు కట్టేయడానికి వెళ్ళిపోయారు.

ఆ మర్నాటి నుంచి రోజూ సాయంత్రం డ్రైవ్‌వేలో పాఠాలే. పిల్ల ఆయన్ని తాతా అనేది. ఎక్కడ చూడాలి, బరువు ఏ కాలి మీద వెయ్యాలి, ఎదుటివాడు మీదికొస్తే భుజం ఎలా తిప్పాలి, అన్నీ ఆయనే చెప్పారు. రింక్‌లో కోచ్ మాకు మర్యాదగా చెప్పినదానికంటే ఈయన తిట్టి చెప్పిందే దానికి ఎక్కువ ఎక్కింది. ఒక్కదానికి మాత్రం ఒప్పుకునేవారు కాదు.

"తాతా, సాటర్‌డే నా గేమ్‌కి వస్తావా? ప్లీజ్."

"మీ అమ్మ ఉందిగా, వస్తుంది."

"అమ్మకి ఏం తెలీదు. నువ్వు చూడాలి."

"నేను ఆ రింక్ గడప తొక్కను తల్లీ. ఇంకేదైనా అడుగు."

ఎందుకో ఆంటీ చెప్పారు, మా వంటింట్లో గోంగూర ఒలుస్తూ. వాళ్ళు ఆ చలి ఊరు చేరిన కొత్తల్లో ఆస్పత్రిలో ఈయనొక్కరే నల్లటి డాక్టర్. పేషెంట్లకి పేరు నోరు తిరగదు, కొందరు చెయ్యి కూడా చాపరు. ఒకసారి ఆస్పత్రిలో పనిచేసే నర్సు ఒకాయన, టికెట్ ఒకటి ఎక్కువైందని హాకీకి తీసుకెళ్ళాడట. చోటు లేదు. బెంచీ మీద కూర్చున్న ముసలమ్మ ఒకావిడ పక్కకి జరిగి, తన దుప్పటి సగం ఈయన మోకాళ్ళ మీద కప్పిందట. "ఈ దేశంలో ఈయన్ని ఎవరైనా ముట్టుకోవడం అదే మొదలమ్మా, వైద్యానికి కాకుండా," అన్నారు ఆంటీ. ఆ చలికాలమే ఈయన స్కేట్లు కొన్నారు. తర్వాత పెరట్లో పైపుతో నీళ్ళు పట్టి, గడ్డకట్టనిచ్చి కొడుక్కి నేర్పారు. వారం వారం అదే బెంచీ, అదే మనుషులు.

"తర్వాత టీమ్‌ని ఎత్తుకుపోయారు," అన్నారు ఆంటీ. ఎక్కడికో నేను అడగలేదు. ఆవిడ కిటికీలోంచి మా ఫ్రిస్కో ఎండ వైపు చూపించారు. "ఆ రోజు స్కేట్లు అట్టపెట్టెలో పెట్టి, పెట్టెకి టేప్ వేశారు. మళ్ళీ టీవీలో కూడా చూళ్ళేదు."

నా నోరు ఊరుకునే రకం కాదు. ఆ వారమే కంచె దగ్గర అందుకున్నాను.

"గట్లెట్ల అంకుల్. మంచు పడే ఊళ్ళనే ఆడాల్నంటే, మనం ఇక్కడ ఇడ్లీలు తినొద్దా? ఇడ్లీ రాలేదా ఫ్రిస్కోకి?"

ఆయన దొండకాయలు కోస్తూనే జవాబిచ్చారు. "ఇడ్లీని గుంటూరు నుంచి ఎవరూ ఎత్తుకు రాలేదమ్మా. అక్కడా ఉంది, ఇక్కడా ఉంది. మా టీమ్ అక్కడ లేదు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు మీకిచ్చారు."

"కొత్త ఊళ్ళకి పోకుంటే ఆట పెరిగేదెట్ల మరి?"

"కొత్త ఊరికి కొత్త టీమ్ పెట్టండి, ఎవరొద్దన్నారు? కడుపుకి తిండి చాలక పోయిన టీమ్ కాదది. స్టేడియం నిండా జనం ఉండేవాళ్ళం."

ఇలా ఏళ్ళు సాగాయి. నేను గెలిచిన రోజు నాకు గుర్తులేదు. కానీ ఆయన కోపం ముందు నా లెక్క మునుపటంత తేలిగ్గా తేలేది కాదు. మా అమ్మాయి ఐస్ మీద తిరుగుతుంటే, ఎక్కడో ఒక చలి ఊళ్ళో ఒక బెంచీ ఖాళీగా ఉందన్న సంగతి గుర్తొచ్చి టీ చేదుగా ఉండేది. వెంటనే ఆయన మీద చిరాకు వచ్చేది. పిల్ల ఏం పాపం చేసిందని?

పిల్లకి పదకొండో ఏడు వచ్చింది. ఆ సెప్టెంబర్‌లో ఒక మంచి గోల్ కొట్టింది. ఇద్దర్ని దాటుకుని, భుజం తిప్పి, ఆయన చెప్పింది చెప్పినట్టు. ఇంటికి రాగానే స్కేట్ల బ్యాగ్ కూడా దించకుండా పరిగెత్తుకెళ్ళి చెప్పింది. ఆయన ముఖం వెలిగిపోయింది. ఎటు నుంచి వచ్చావు, గోల్‌కీపర్ ఏ కాలు చాపాడు, నువ్వు తల ఎత్తావా దించావా, ప్రశ్న మీద ప్రశ్న. పిల్ల కాసేపు చెప్పి ఆగిపోయింది.

"నువ్వు వచ్చుంటే నీకే తెలిసేది తాతా," అంది.

ఆ మర్నాడు అది డ్రైవ్‌వేలోకి వెళ్ళలేదు. ఆయన కంచె దగ్గర పైపు పట్టుకుని నిలబడి, తడిసిన మడినే మళ్ళీ తడిపి, లోపలికి వెళ్ళిపోయారు. ఆ తర్వాతి రోజూ అంతే. రాత్రి పక్క సర్దుతుంటే పిల్ల నాతో అంది, "తాతకి నా గేమ్ ఇష్టం లేదమ్మా. హి డజంట్ కేర్. నేనింక ఆయన దగ్గర నేర్చుకోను." ఇద్దరూ మొండివాళ్ళే, ఇద్దరూ ఒకరికొకరు కావాల్సినవాళ్ళే. మధ్యలో నేను ఎవరికి చెప్పను?

దసరా వచ్చింది. నవమి సాయంత్రం మా ఇంట్లో ఆయుధపూజ. అమెరికాలో ఆయుధాలేముంటాయి, నా లాప్‌టాప్, మా ఆయన డ్రిల్ మెషిన్, కార్ తాళాలు, కూరగాయల కత్తి. మా ఆయన క్లయింట్ దగ్గరికని వేరే ఊరు వెళ్ళాడు. పెద్దదిక్కుగా డాక్టర్‌గారిని, ఆంటీని పిలిచాను. వాళ్ళు వచ్చేసరికి పిల్ల తన స్కేట్లు, స్టిక్ తెచ్చి అమ్మవారి పీట ముందు పెట్టి పక్కకెళ్ళి నిలబడింది. ఆయన వైపు చూడలేదు.

ఆయన స్కేట్లను చూశారు. నేను పళ్ళెం చేతికిచ్చి, "మీరే పెట్టండి అంకుల్" అన్నాను. ఆయన బాసింపట్టు వేసి కూర్చున్నారు. లాప్‌టాప్‌కి, తాళాలకి తలో బొట్టు పెట్టారు. స్కేట్ల దగ్గరికి వచ్చేసరికి వాటిని ఒళ్ళోకి తీసుకున్నారు. బ్లేడుకి ఈ చివర నుంచి ఆ చివర దాకా, గడపకి రాసినట్టు, తడి పసుపు దట్టంగా రాశారు. దాని మీద వరసగా కుంకుమ బొట్లు. ఇన్నేళ్ళూ నోటితో అననిదేదో ఆ పసుపులో అంటున్నట్టుగా తీరుబడిగా రాశారు. పిల్ల గోడకి ఆనుకుని అంతా చూస్తూనే ఉంది.

మర్నాడు దసరా, శనివారం, పొద్దున్నే మ్యాచ్. అమ్మవారికి హారతి ఇచ్చి పీట కదిపి స్కేట్లు చేతికిచ్చాను. "పెట్టిన బొట్టు తుడవకు, మంచిది కాదు," అని మరీ చెప్పాను. పిల్ల బుద్ధిగా ఆ పసుపు మీదే ప్లాస్టిక్ తొడుగులు తొడిగేసింది. బయటికొస్తే, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి సిద్ధం చేసిన కార్ స్టార్ట్ కాలేదు. బ్యాటరీ పోయింది. నేను తల పట్టుకుని నిలబడితే డాక్టర్‌గారు చూసి తాళాలతో వచ్చారు.

"దింపుతాను. లోపలికి మాత్రం రాను," అన్నారు.

ఆయన పార్కింగ్‌లో ఒక చెట్టు నీడ వెతుక్కుని ఆగిపోయారు. మేం పరిగెత్తాం. వార్మప్ అప్పటికే అయిపోయింది. పిల్ల హెల్మెట్ పెట్టుకుని, తొడుగులు లాగేసి, తిన్నగా ఆటలోకి దిగింది.

నేను శాలువా కప్పుకునేలోపే విజిల్ మోగింది. ఆట ఆగింది. తెల్లటి ఐస్ మీద, తలుపు దగ్గర నుంచి మధ్య దాకా, ఎర్రటి చారలు. ఆ చారల చివర మా అమ్మాయి. హాకీలో ఐస్ మీద రక్తం కనిపిస్తే అంతా ఆపేస్తారు, బ్లేడు తగిలితే నరం తెగినట్టే. రెఫరీ దాని గ్లవ్స్ లాగుతున్నాడు, కోచ్ మెడ చూస్తున్నాడు. మెట్లు ఎలా దిగానో తెలియదు. గాజు దగ్గరికి వెళ్ళి చూస్తే, ఎరుపు అంచున పసుపుపచ్చ.

అప్పుడు అర్థమైంది. కుంకుమని ఇంగ్లీష్‌లో ఏమని చెప్పను? పండగ అన్నాను, పౌడర్ అన్నాను, రక్తం కాదు అన్నాను. రెఫరీ నన్ను జాలిగా చూశాడు. "మేడమ్, ఎవరైనా డాక్టర్ చూసి చెప్పేదాకా పాపని ఆడనివ్వలేను," అన్నాడు. ఫ్రిస్కోలో రాయి విసిరితే మన డాక్టర్ మీద పడుతుంది. ఆ పొద్దున మాత్రం అందరూ గుళ్ళోనో ఇంట్లోనో పూజల్లో ఉన్నారు.

నేను పార్కింగ్‌లోకి పరిగెత్తి అద్దం తట్టాను. "అంకుల్, జల్దీ రాండి. పాపని చూడమంటుండ్రు. ఐస్ అంతా ఎర్రగైంది."

ఆయన కార్ తలుపు కూడా వెయ్యకుండా నాకంటే ముందు నడిచారు. ఏ గడప తొక్కనన్నారో దాన్ని చూడను కూడా చూడకుండా దాటేశారు. రెఫరీ పట్టుకుందామని చెయ్యి చాపితే వద్దని, మామూలు బూట్లతోనే ఐస్ మీదికి దిగారు. అడుగు ఎత్తకుండా, పాదం మొత్తం ఆన్చి, తన వాకిట్లో నడిచినట్టు నడిచారు. పిల్ల మెడ, మణికట్లు, పిక్కలు చూశారు. అప్పుడు గాని కింద చూడలేదు. వంగి ఒక చార మీద వేలు రాసి, వాసన చూశారు.

ఆయన భుజాలు కదిలాయి. ఏడుస్తున్నారేమో అనుకున్నాను. నవ్వుతున్నారు. నేను ఆయన్ని అలా ఎప్పుడూ చూడలేదు.

"ఇది రక్తం కాదు," అన్నారు రెఫరీతో, ఆ ఉత్తరాది యాస ఇంగ్లీష్‌లో. "పసుపు, కుంకుమ. నిన్న మా పండగ. పని చేసే వస్తువుకి దండం పెట్టుకుంటాం. రాసింది నేనే. బ్లేడుకి రాయకూడదని నాకంటే బాగా తెలిసినవాడు ఈ హాల్లో ఉండడు, అయినా రాశాను."

రెఫరీ తలూపాడు. మనుషులొచ్చి ఐస్ గీకారు. కోచ్ స్కేట్లు తుడిచి ఇచ్చాడు. డాక్టర్‌గారు వెనక్కి తిరిగి వెళ్ళబోతుంటే రెఫరీ, "సర్, ఈ పూట మీరిక్కడే ఉంటే మాకు ధైర్యం," అన్నాడు. డాక్టర్‌ని ఉండమంటే ఎలా వెళ్తాడు? మెట్ల వైపు చూశారు. బెంచీ నిండా తల్లిదండ్రులు. అందులో ఒకావిడ, మా పిల్ల జట్టులో అమ్మాయి తల్లి, పక్కకి జరిగి చోటిచ్చింది. ఆయన నిలబడే ఉన్నారు. ఆవిడ మళ్ళీ ఇంకొంచెం జరిగింది. ఆయన కూర్చున్నారు. నా శాలువా తీసి ఆయన మోకాళ్ళ మీద వేశాను. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

మొదట్లో ఆయన నేల వైపే చూశారు. తర్వాత, "వంగు, వంగు," అని గొణగడం వినిపించింది. కాసేపటికి ఆయన భుజం కూడా పిల్ల భుజంతో పాటు తిరుగుతోంది. ఆ రోజు అది గోల్ కొట్టలేదు, జట్టు ఓడిపోయింది కూడా. అది మాత్రం ఐస్ మీద నుంచి మాటిమాటికీ బెంచీ వైపు చూసి, ఉన్నారని రూఢి చేసుకుంటూ ఆడింది.

తిరిగొచ్చేటప్పుడు నేను ఆశపడి అడిగాను. "చూశిండ్రు కదా అంకుల్. ఇప్పుడైనా ఒప్పుకుంటరా, ఇక్కడికొచ్చి ఆటకి మంచే అయిందని?"

"నీ కూతురు బాగా ఆడింది. అంతమాత్రాన వాళ్ళు మాకు చేసింది న్యాయమైపోదమ్మా."

"అయితే మానిపించమంటరా?"

"ఆ మాట అన్నానా నేను?" అని అద్దంలోంచి వెనక సీట్లోకి చూశారు. "ఆఖరి పీరియడ్‌లో తల దించేశావే. సాయంత్రం డ్రైవ్‌వేలోకి రా."

సాయంత్రం పిల్ల వెళ్ళింది. మా సందు చివర ఒక మెస్కీట్ చెట్టు ఉంది, ఆకు అచ్చం జమ్మిలాగే ఉంటుంది, ముళ్ళూ అలాగే గుచ్చుకుంటాయి. ఇక్కడ మాకు అదే జమ్మి. ఆ ఆకు ఆయన చేతిలో పెట్టి, "బంగారం, తాతా" అని కాళ్ళకి మొక్కింది. ఆయన ఆకుని చొక్కా జేబులో పెట్టుకున్నారు.

ఆ తర్వాత ఆయన శనివారాలు తప్పలేదు. వాదన కూడా తప్పలేదు. ఇప్పుడు బెంచీ మీద, నా ఫ్లాస్క్‌లో టీ తాగుతూ వాదించేవారు.

మరుసటి ఏడు నవమి నాడు ఆయన ఒక బట్టసంచితో వచ్చారు. పళ్ళేమో అనుకుని అందుకోబోతే ఇవ్వలేదు. జమ్మి మీద దాచిన ఆయుధాలు దించుకునే పండగ కదా ఇది. పీట ముందు కూర్చుని సంచిలోంచి ఒక జత నల్లటి స్కేట్లు తీశారు. తోలు పగిలి ఉంది. లేసులు కొత్తవి. బ్లేడు కొత్తగా సానపట్టించారు. వాటిని మా అమ్మాయి స్కేట్ల పక్కన పెట్టారు. ఆంటీ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

నేను పళ్ళెం ఇవ్వబోతే, పిల్లకివ్వమని సైగ చేశారు. అది మోకాళ్ళ మీద కూర్చుని పసుపులో వేలు ముంచి, చెయ్యి ఆయన స్కేట్ల మీదికి చాపింది.

"బ్లేడుకి వద్దే," అన్నారాయన. "రేపు నీతో దిగాలి."